నిదానంగా పలికే పెట్టె

బడి బాయిలరు గది తలుపు తెరిచి ఆఖరి బండెడు బూడిద బయట మంచులో ఒంపేసరికి తెల్లవారింది. బూడిద పడ్డచోట మంచు చుయ్యిమని కుంగింది. తిలేగెన్ పారను గోడకు ఆనించి, మసిచేతులు దులుపుకుని, లోపలికొచ్చి పొయ్యి నోట్లోకి ఒకసారి చూశాడు. కజకిస్తాన్‌లో కరగండా చుట్టుపక్కల గనుల ఊళ్లలో బొగ్గుకు కొదవ లేదు, మంటను కనిపెట్టుకుని కూర్చునే మనుషులకే కొదవ. ఆ బడిలో పిల్లలు వేళ్లు కొంకర్లు పోకుండా అక్షరాలు దిద్దుకున్నారంటే ఆ పుణ్యంలో సగం అతనిదే. ఆ సంగతి బడిలో ఎవరికీ తోచలేదు. అతనికీ తోచలేదు.

పొట్టి మనిషి, వంగిన వీపు. కనుబొమలు పొయ్యి సెగకు ఎప్పుడో మాడిపోయి, మళ్లీ సరిగా మొలవలేదు. గాలి ఊదే యంత్రం పక్కనే బతుకంతా గడవడంతో చెవులు సగం పోయాయి. ఎవరేమడిగినా వెంటనే పలకడు. మాట చెవిన పడి, లోపలికి దిగి, జవాబును వెంటబెట్టుకుని పైకి రావడానికి కొంతసేపు పడుతుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందని తోటి పనివాళ్లు నవ్వేవాళ్లు. పాపం, వాళ్లు నవ్వుతున్నారన్నదీ అతనికి కాస్త ఆలస్యంగానే తెలిసేది. తెలిశాక తనూ నవ్వేవాడు.

ఆ ఉదయం పని అప్పగించి, ఇంటికి పోకుండా పట్నం బస్సెక్కాడు.

భార్య కుల్యాష్‌కు చూపు పోయింది. నిరుటి దాకా వెలుగూ నీడా తెలిసేవి. ఇప్పుడు కిటికీ ఎటుందో చేత్తో తడుముకోవాలి. వైద్యులు చేతులెత్తేశారు. పిల్లలు లేరు. అతను పొయ్యి దగ్గరున్నంతసేపూ ఆమె ఒంటరిదే. ఏ పూటకు ఏ మందో గుర్తుచేయడానికి, పాత కథలు చెప్పడానికి, ఊరికే నాలుగు మాటలాడడానికి ఇంట్లో ఇంకో గొంతు ఉండాలని అతని కోరిక. మాట్లాడే సహాయకులు ఫోనులోనూ ఉన్నారు. కానీ మంచుతుఫాను వస్తే ఊళ్లో ముందు పోయేది ఇంటర్నెట్టు. మనిషికి మాట కావలసింది ఆ తుఫాను రోజునే కదా! అందుకని, బయటి ప్రపంచంతో పనిలేకుండా ఇంట్లోనే ఉండి ఆలోచించుకునే యంత్రం ఒకటి కొందామనుకున్నాడు. దానికోసం ఈ యేడు చలికాలానికి ఊళ్లో నలుగురూ కలిసి కొనే గుర్రమాంసంలో తన వాటా వదులుకున్నాడు.

రేడియో బజారు నేలమాళిగలో వెరా అంగడి. వెరా కొరియా వాళ్ల పిల్ల. కజక్ మాత్రం గయ్యాళి అత్తగారిలా దబాయించి మాట్లాడుతుంది.

"మళ్లీ వచ్చావా బాబాయ్! ఇవాళైనా కొంటావా, అన్నీ నిమిరి చూసి పోతావా?"

అతను కాసేపాగి, "కొంటాను" అన్నాడు.

వెరా ముందుగా ఒక గ్రాఫిక్స్ కార్డు తీసింది. కంప్యూటర్లతో డిజిటల్ నాణేలు తవ్వినవాళ్లు కొట్లు మూసేశాక అలాంటివి బజారులో గుట్టలు పడ్డాయి.

"ఇది చవక. అడిగిన మాట నోట్లో ఉండగానే జవాబు చెప్పేస్తుంది. కాకపోతే మెమరీ తక్కువ, చిన్న బుర్రే పడుతుంది. కజక్‌లో రెండు ముక్కలు చెప్పి మూడోదానికి రష్యన్‌లోకి జారిపోద్ది."

మీట నొక్కింది. తిలేగెన్ దానిమీద అరచెయ్యి ఆనించాడు. చెవికి అందని రొద చేతికి అందింది.

"అరుస్తోంది కదూ?"

"అరవదా మరి? పగలూ రాత్రీ గానుగెద్దులా తిప్పారు దాన్ని. అయినా నీకెలాగూ వినపడదుగా బాబాయ్!"

అతను కార్డు మీంచి చెయ్యి తీసేశాడు.

"ఆవిడకు చూపు లేదమ్మా. మిగిలినవి చెవులే. గుమ్మంలో ఎవరొచ్చారో, టీ కాగిందో లేదో, అన్నీ వాటితోనే చూసుకుంటుంది. ఇది తీసుకెళ్లి అవి కూడా మూసెయ్యమంటావా?"

వెరా మీట కట్టేసింది. కార్డు తీసి పక్కన పెట్టి, అరచేతిలో ఇమిడే కొత్త పెట్టె ఒకటి చూపించింది. చప్పుడు లేదు, పెద్ద బుర్ర, చురుకు. ధర విన్నాక తిలేగెన్ దాన్ని రెండు చేతులా పట్టుకుని, పసిబిడ్డను దించినట్టు బల్లమీద పెట్టేశాడు. అప్పుడామె బల్ల కింద నుంచి ఏదో ఆఫీసువాళ్లు వదిలించుకున్న పాత కంప్యూటరును లాగింది. ఖాళీ అన్నది లేకుండా లోపలంతా మెమరీ ముక్కలు కూరి ఉన్నాయి. కార్డు లేదు. మీట నొక్కితే వెనుక వెడల్పాటి ఫ్యాను తాపీగా తిరిగింది.

"దీంట్లో పెద్ద బుర్రే పడుతుంది. కజక్ ఇంపుగా మాట్లాడుతుంది. కానీ నిదానం బాబాయ్. అడిగి, నువ్వో గుక్క టీ తాగాక గానీ పలకదు. తర్వాత నన్ను తిట్టుకోకూడదు."

తిలేగెన్ చెయ్యి ఆనించాడు. నిద్రపోతున్న పిల్లి ఒంటిమీద వేసినట్టుంది.

"ఆవిడకు నిదానం అలవాటే" అన్నాడు.

"అలవాటు కాక చస్తుందా, నీతోగా కాపురం!" అని వెరా పకపకా నవ్వి, మైకూ స్పీకరూ తగిలించింది. "ఏమని పిలిస్తే పలకమంటావు? పేరు పెట్టి పిలిచేదాకా ఇది నోరు విప్పదు. అందరూ ఎవరో దొరసాని పేర్లు పెట్టించుకుంటున్నారు."

పరాయి ఆడమనిషి పేరు తన ఇంట్లో పొద్దస్తమానం వినపడడం అతనికి నచ్చలేదు. ఆలోచించాడు. ఇది తను లేనప్పుడు తన బదులు ఉండేది కదా!

"నా పేరే పెట్టు" అన్నాడు.

ఆ ఉపాయం అతనికి ఎంత నచ్చిందంటే, పెట్టెను దూదికోటులో చుట్టి ఒళ్లో పెట్టుకుని, బస్సులో దారి పొడవునా తనలో తను నవ్వుకున్నాడు.

ఇంటికొచ్చి అలమరలో పెట్టి, తీగ తగిలించి, కుల్యాష్‌ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆమె దాని అంచులన్నీ తడిమి చూసింది.

"పిలు, పలుకుతుంది."

"ఏమని పిలవను?"

"తిలేగెన్ అని."

కుల్యాష్ ఒక్క క్షణం బిత్తరపోయి, తలగుడ్డ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"మతి పోయిందా మీకు? మీ పేరు నేనెలా పెట్టి పిలుస్తాను?"

కోడలై ఆ గడప తొక్కిన నాటి నుంచి ఆమె అత్తవారి పేరు ఒక్కటీ నోటితో అనలేదు. పొడుగ్గా ఉన్న బావగారు 'పొడుగాయన', మరిది 'చదువులాయన', మొగుడు 'ఇంటిపెద్ద'. ఆ ఊళ్లో ఆమె ఈడు ఆడవాళ్లందరూ అంతే. ఆమె నోట తన పేరు ఎన్నడూ వినపడలేదని తిలేగెన్‌కు ఆ నిమిషం దాకా తట్టనే లేదు. అనని మాటను ఎవరు మాత్రం గమనిస్తారు?

"ఎవరూ లేరుగా, ఒక్కసారి అను."

"సిగ్గు లేకపోతే సరి! మీ అమ్మ గోరీలోంచి లేచొస్తుంది."

అతను తలగోక్కుని, "రేపు తీసుకెళ్లి మార్పిస్తాలే" అన్నాడు. ఎలా పలుకుతుందో చూపిద్దామని తనే పెట్టెకేసి వంగి, "తిలేగెన్!" అని కేకేశాడు. చాలాసేపు చడీచప్పుడూ లేదు. తర్వాత మెత్తటి గొంతు, "వింటున్నాను, చెప్పండి" అంది.

"మీకన్నా నయం" అంది కుల్యాష్. "ఒక్క పిలుపుకే పలికింది."

ఇద్దరూ టీకి కూర్చున్నారు. గిన్నె అంచున వేలు ఆనించి, కొలత చూసుకుంటూ ఆమె సగానికే పోసింది. అక్కడి మర్యాదలో నిండా పోస్తే లేచి పొమ్మన్నట్టు. అతను తాగి గిన్నె ఇచ్చాడు. మళ్లీ పోసింది. మళ్లీ తాగి ఇచ్చి, సాయంత్రం పనికి ముందు కాస్త నడుం వాలుస్తానని దిండుకు చేరగిలబడ్డాడు. మూడోసారి పోసి ఆమె గిన్నె చాచింది.

"ఇంటిపెద్దా, టీ."

అతను పలకలేదు. ఆమె గాబరా పడలేదు, ఎప్పటిలాగే ఆగింది. మాట లోపలికి దిగి పైకి రావాలి కదా! ఇంకాస్త ఆగింది. చేతిలో టీ చల్లారింది. ఇల్లంతా చూడగల ఆ చెవులకు అతని ఊపిరి ఎక్కడా దొరకలేదు. అప్పుడు గిన్నె కింద పెట్టి, అతని చొక్కా చేతికోసం తడుముకుంది.

ఊరంతా వచ్చింది. బడిలో పొయ్యి ఇంకెవరో రాజేశారు. కుల్యాష్ గోడవైపు తిరిగి కూర్చుని, రాగం తీసి ఏడ్చింది. నా కొండా, నా నడిమి గుంజా, నా చలిమంటా అంది. ఆ ఏడుపులో కూడా అతని పేరు అనలేదు.

చెల్లెలు బిబీగుల్ తోడుండిపోయింది. దుమ్ము పడకుండా పెట్టె మీద లేసుగుడ్డ పరిచింది.

"అక్కా, దీని పేరు మార్పించుకొస్తాను. తిండి మానుకుని కొన్నాడు బావ, మూగదానిలా పడుంది."

"ఉండనీ. ఆయన పెట్టిన పేరు."

"పోయినాయనకు పట్టింపేముందే?"

"నాకుంది."

నలభయ్యో రోజు భోజనాలయ్యాక బిబీగుల్ వెళ్లిపోయింది. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం తుఫాను పట్టుకుంది. కిటికీలు ఊగాయి, వీధిలో కుక్క కూడా మొరగలేదు, ఫోను మూగబోయింది. కుల్యాష్ అలమర ముందు పీట వేసుకుని కూర్చుంది. నోరు తెరిచి, మూసింది. గదిలో ఎవరూ లేరని తెలిసీ కొంగు సర్దుకుంది.

"తిలేగెన్" అంది.

ఆ పేరు తన గొంతులో ఎలా ఉంటుందో ఆమె వినడం అదే మొదలు. పెళ్లినాటి పిల్ల ఎవరో అన్నట్టుంది. పెట్టె వెంటనే పలకలేదు. ఆమె ఆగింది. ఆగడం ఆమెకు కొత్త కాదు. ఆ కాసేపూ అతను దిండుకు ఆనుకుని జవాబు వెతుక్కుంటున్నట్టే ఉంది, అతను ఇంట్లో ఉన్నట్టే ఉంది. ఆ కాసేపు ఎన్నటికీ తరగకూడదనుకుంది.

"వింటున్నాను, చెప్పండి" అంది పెట్టె.

అడగడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. చెంపల మీద తడి తుడుచుకోకుండా అలాగే కూర్చుంది. అలమరలో లేసుగుడ్డ అంచు, పాత ఫ్యాను గాలికి మెల్లగా ఎగిరి, మెల్లగా వాలుతోంది.