రెండు నిమిషాల పని

నాగవేణి పాత నూలు చీరలు చింపుతోంది. తోడికోడలు జ్యోతిర్మయికి ఏడో నెల. పుట్టబోయే మూడో బిడ్డకి పొత్తిగుడ్డలు కావాలట. వన్ టౌన్‌లో సొంత బట్టల కొట్టుండి కూడా, పసిగుడ్డుకి పాత చీరలే మెత్తగా ఉంటాయని అత్తగారు వెంకటరావమ్మ పట్టుబట్టింది.

"చింపడం వరకూ నువ్వు చెయ్యమ్మా. మడతలు పెట్టడానికి పక్కింటి వాళ్ల కోడలొస్తుందిలే. పిల్లల తల్లి చెయ్యి పడాలి కదా, ఏమనుకోకు" అంది.

ఏమనుకోకూడదట! చాకిరీకి పనికొచ్చే చెయ్యి మడతకి పనికిరాదు. ఆరేళ్ల నుంచీ నాగవేణి పైకి ఏమీ అనుకోకుండా ఉండటం నేర్చుకుని, లోపల తిట్టుకోవడంలో మాత్రం పండిపోయింది.

ఆ ఆరేళ్లలో నలుగురు డాక్టర్లు మారారు. మందులు పనిచేయక కాదు. ప్రతి డాక్టరూ వైద్యం మొదలెట్టిన మూడో నెలలోనో నాలుగో నెలలోనో, "మీవారికి కూడా ఒకసారి టెస్టు చేయిద్దామండీ" అనేది. ఆ సాయంత్రానికల్లా ఆ డాక్టరుకి వైద్యమే రాదని ఇంట్లో తేలిపోయేది. "మా వంశంలో ఆ లోపం లేదు. దేవేంద్రని చూడు" అనేవాడు భర్త తేజేశ్వర్, తమ్ముణ్ణి సర్టిఫికెట్టులా చూపిస్తూ. ఆహా, ఎంత మగతనమో, తమ్ముడి దగ్గర దాచుకున్నాడు! మళ్లీ కొత్త డాక్టరు. మళ్లీ మొదట్నుంచీ నాగవేణికే రక్తపరీక్షలు, స్కానింగులు, బొడ్డు దగ్గర కోసి కెమెరా పెట్టి చూడటాలు. గర్భసంచి నాళాల్లోకి మందెక్కించి ఎక్స్‌రే తీసిన రోజు ఆమె నొప్పికి ఏడుస్తూ బయటికొస్తే, ఫోన్లోంచి తలెత్తకుండా, "ఏముంది వేణీ, రెండు నిమిషాల పని. ఓర్చుకోవాలి" అన్నాడు. ప్రతిసారీ అదే మాట.

ఐదో డాక్టరు హన్నాగారు గట్టి మనిషి. మొగుడి రిపోర్టు లేనిదే మందు రాయనంది. తేజేశ్వర్ నెల రోజులు అలిగి, చివరికి ఒక మధ్యాహ్నం రిపోర్టు తెచ్చి భోజనాల బల్ల మీద విసిరాడు. అంతా నార్మల్. కౌంటు బ్రహ్మాండం. వెంకటరావమ్మ ఆ కాగితాన్ని కళ్లకద్దుకుని దేవుడి గూట్లో పెట్టింది. హారతి ఒక్కటే తక్కువ!

"ఇప్పటికైనా తేలిందిగా లోపమెవరిదో" అంది.

నాగవేణి ఆ పూట అన్నం ముందు కూర్చుని ఏడ్చింది. లోపం నిజంగా తనదేననుకుంది.

భర్త వీర్యాన్ని ల్యాబులో శుద్ధి చేసి ఆమె గర్భసంచిలోకి ఎక్కిస్తామని, గురువారం పొద్దున్నే రమ్మన్నారు. దేవేంద్రే కారు నడిపాడు. బోణీ కాకుండా కొట్టు గుమ్మం దిగని మనిషి! వదినంటే ఎంత అభిమానమో అనుకుంది, పిచ్చిమొహం. ఆమెని పైకి పంపి అన్నదమ్ములిద్దరూ కింద ల్యాబుకి వెళ్లారు. కాసేపటికి తేజేశ్వర్ ఒక్కడే పైకొచ్చి హాల్లో కూర్చున్నాడు.

లోపల నర్సు జెస్సికా ఫైలు తిరగేస్తూ ఆగింది.

"అక్కా, మీకు ఇద్దరు బాబులా? పిల్లల్లేరన్నారు?"

"లేరమ్మా."

"మరి టెస్టు రోజు సార్ ల్యాబు ఫారం నింపారు కదా. ఇదిగో, పిల్లలు ఇద్దరు, ఇద్దరూ మగపిల్లలే అని రాశారు."

ఆ గుండ్రటి అక్షరాలు నాగవేణికి తెలుసు. గ్యాస్ కనెక్షన్ ఫారం నింపినా, గుళ్లో గోత్రం చెప్పినా, "ఇద్దరూ మగపిల్లలేనండీ" అని చేర్చందే ఊపిరాడని మనిషి రాత అది. అన్న పేరు రాయడం గుర్తుంది, అన్న వయసు రాయడం గుర్తుంది. డబ్బా కొట్టుకోకుండా ఉండటం మాత్రం దేవేంద్రకి చేతకాలేదు.

ఇంకో గంట గడిస్తే మరిది వీర్యం తన కడుపులో ఉండేది.

ఫారం తీసుకుని హాల్లోకొచ్చి, తేజేశ్వర్‌ని పక్కకి పిలిచి చూపించింది. అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అరవకు. బయటివాడిది కాదుగా, మన రక్తమేగా. బిడ్డ పుడితే నీకూ గౌరవం, నాకూ గౌరవం. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలియక్కర్లేదా?"

"తెలిస్తే ఒప్పుకునేదానివా? అందుకే చెప్పలేదు."

ఆరేళ్లుగా ఈ మనిషికి పెద్ద కోపం, పెద్ద పరువు ఉన్నాయని భయపడింది. తీరా చూస్తే ఉన్నది పిరికితనం, వెనక దాక్కోవడానికి ఒక తమ్ముడు. ఇతనికా తను తెల్లారకముందే లేచి చొక్కా ఇస్త్రీ చేసిచ్చింది! ఏడుపు రాలేదు నాగవేణికి. అసహ్యమేసింది.

వెనక్కి తిరిగి, హాలంతా వినపడేలా అంది.

"జెస్సికా, ఈ ఫారం నింపింది మా మరిది. ఇవాళ కింద ఇచ్చిందీ ఆయనదే. పారబొయ్యమని ల్యాబుకి చెప్పు. మా ఆయనకి టెస్టు ఇంతవరకూ కాలేదు. డాక్టరుగారితో నేను మాట్లాడతాను."

హాల్లో కూర్చున్న జంటలు తలలెత్తాయి. జెస్సికా మారుమాట లేకుండా మూతున్న ప్లాస్టిక్ సీసా ఒకటి తెచ్చింది. నాగవేణి దాన్ని తీసుకుని భర్త చేతిలో పెట్టింది.

"ఇచ్చి రండి. రిపోర్టు అత్తయ్యగారి ముందు నేనే చదువుతాను. దేవుడి గూట్లో పెట్టుకుంటారో లేదో ఆవిడిష్టం. మీతో ఉండాలో వద్దో ఆ తర్వాత చెప్తాను."

"అందరి ముందూ ఇదేంటి వేణీ..." తేజేశ్వర్ సీసాని జేబులో దాచబోయాడు.

"ఏముందండీ" అంది నాగవేణి. "రెండు నిమిషాల పని. ఓర్చుకోవాలి."