అమ్మ కుర్చీ పక్క దీపం

"ఇరవై రెండేళ్లు లైట్ల కొట్టులో పనిచేశావు కదక్కా, ఎక్కడ ఏ దీపం పెడితే ఇల్లు కళకళలాడుతుందో నీకంటే ఎవరికి తెలుసు?" అన్నాడు రస్సెల్, బూట్ల బురదైనా దులుపుకోకుండా లోపలికొస్తూ.

నోలీన్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆస్ట్రేలియాలోని బాలరాట్‌లో ఉన్న ఆ చెక్క ఇంట్లోనే ఆమె పుట్టింది, పెరిగింది, మంచం పట్టిన తల్లికి చివరిదాకా చాకిరీ చేసింది. ఈ పెద్దమనిషి క్రిస్మస్‌కి ఒక పుడ్డింగు తెచ్చి, సగం తనే తినేసి వెళ్లేవాడు. తల్లి పోగానే ఇంట్లో సగం నాదన్నాడు. ధర కట్టించు, నీ సగం నీకిస్తానంది నోలీన్. ససేమిరా అన్నాడు. వేలం వేద్దాం, కావాలంటే అందరితోపాటు నువ్వూ పాడుకో అన్నాడు. ఇల్లు ఎంత అందంగా కనబడితే పాట అంత పైకి పోతుంది. బ్యాంకు ఆమెకి అప్పిస్తానన్నది అంతంతమాత్రం.

"డబ్బిచ్చి ఎవరినైనా పెట్టుకోరా."

"సొంతక్క ఉండగా పరాయివాళ్లెందుకూ?" పళ్లికిలించాడు రస్సెల్.

"సరే. నేనే పెడతాలే," అంది నోలీన్, ఎన్నడూ లేనంత మెత్తగా.

పెట్టింది. పనితెలిసిన మనిషి పూనుకుని చెడగొడితే ఎలా ఉంటుందో అలా పెట్టింది. పసుపు వెలుగిచ్చే బల్బులన్నీ పీకేసి నీలం తిరిగిన తెల్ల బల్బులు బిగించింది. టేబుల్ దీపాలు అటకెక్కించి, వెలుగంతా నడినెత్తిన పడేలా కప్పు లైట్లే ఉంచింది. అలాంటి వెలుగులో మనుషుల కళ్ల కింద గుంతలు పడతాయి, గోడ మీద ప్రతి మరకా లేచి కూర్చుంటుంది. పడగ్గది ఆసుపత్రి వార్డయింది. పని చేస్తున్నంతసేపూ ఆమెకి కడుపు నిండినట్టుంది.

శనివారం పొద్దున అంతా సరిచూస్తూ ముందుగది కిటికీ దగ్గర తల్లి కుర్చీలో కూర్చుంది. అటకలో పట్టక పక్కనే ఉంచేసిన నిలువు దీపం సరిగ్గా కళ్లలోకి కొట్టింది. అమ్మ ఇక్కడ కూర్చునే పదేళ్లు పుస్తకాలు చదువుకుంది. ఆ కుర్చీ పోలీస్‌స్టేషన్‌లో బల్లలా కనబడేసరికి నోలీన్ మనసొప్పలేదు. మళ్లీ పసుపు బల్బు పెట్టింది, దీపం గొడుగు అంచు చెవి ఎత్తుకి దించింది, వెలుగు ఒళ్లో పడేట్టు స్తంభాన్ని జానెడు వెనక్కి జరిపింది. ఒక్క మూలే కదా, ఎవరు చూడొచ్చారనుకుంది.

పదకొండు గంటలయినా జూలై మబ్బుకి ఊరంతా చీకటిగానే ఉంది. వీధిలో జరగాల్సిన వేలం వాన మూలాన ముందుగదిలోకి మారింది. రస్సెల్ తలెత్తి లైట్లు చూసి మురిసిపోయాడు.

"శభాషక్కా! సూది పడినా కనబడేట్టుంది."

వేలం వేసే ఏజెంటు మాత్రం కళ్లు చికిలించి నోలీన్ వైపు అదోలా చూశాడు. వచ్చినవాళ్లు గోడలు చూసి మొహాలు చిట్లించుకున్నారు. ఒక జంట పాట మొదలవకముందే జారుకుంది. నోలీన్ గుండె తేలికపడింది.

రెండు మూడు పాటలు పడి ఆగిపోయాయి. నోలీన్ చెయ్యెత్తింది. ఏజెంటు ఒకటోసారి అన్నాడు, రెండోసారి అన్నాడు.

కిటికీ దగ్గర ఒక చెయ్యి లేచింది. తడిసిన కోటుతో ఒకావిడ అమ్మ కుర్చీలో జారబడి ఉంది. వెచ్చని వెలుగు ఆమె ఒళ్లో పడుతోంది. ఆమె గదివైపు తిరిగైనా చూడలేదు. నోలీన్ పెంచింది. ఆవిడ మళ్లీ చెయ్యెత్తింది. మరో రెండు సార్లకి పాట నోలీన్‌కి బ్యాంకిస్తానన్న హద్దు దాటిపోయింది, ఎత్తబోయిన చెయ్యి ఒళ్లోనే ఉండిపోయింది.

"మూడోసారి!"

రస్సెల్ వచ్చి భుజం తట్టాడు. "ఆ మూల చూసే కొందట. నీ చెయ్యి బంగారమక్కా!"

"చెయ్యి తియ్యి," అంది నోలీన్.

కొన్నావిడ లేవకుండానే నవ్వింది. "ఈ దీపం ఇక్కడే ఉంచేస్తారు కదండీ?"

"మీరు కొన్నది ఇల్లండీ," అంది నోలీన్. వంగి ప్లగ్గు పీకింది. తెల్ల వెలుగు ఆ మూలకీ పాకింది. ఆవిడ మొహం పాలిపోయింది, అప్పుడు గాని తలెత్తి గోడలు చూడలేదు. "మిగతా లైట్లన్నీ ఉంచుకోండి. ఏరికోరి పెట్టాను."

"ఏంటక్కా ఇది, చిన్నపిల్లలా!" అని రస్సెల్ వెనకనుంచి అరుస్తున్నాడు.

నోలీన్ తన కోటు విప్పి దీపం గొడుగు మీద కప్పింది, దాన్ని చంకనపెట్టుకుని వానలోకి దిగింది. గేటు దాకా విసవిసా నడిచింది. అక్కడ ఆగిపోయింది. ఆ దీపాన్ని పెట్టుకోవడానికి ఆమెకిప్పుడు ఒక మూలంటూ లేదు.