ఎవరూ గీయని దారి

మా బావగారి ఆఫీసులో పదకొండేళ్లుగా తోటల ప్లాన్లు గీస్తున్నాను. ముఖ్య డిజైనర్ కుర్చీ ఖాళీ అయి ఆరు నెలలైంది. దాని మీద నా కన్నుందని ఆఫీసులో అందరికీ తెలుసు, బావగారికి మరీ బాగా తెలుసు.

"నీలో పనితనం ఉందమ్మా, ప్రేరణే లేదు," అన్నారాయన. "తోటల డిజైనర్ల సదస్సు ఉంది, నాతో రా. అక్కణ్నుంచి ఏదన్నా ప్రేరణ పట్టుకొచ్చావా, కుర్చీ నీది. లేదంటే బయటివాళ్లని చూసుకుంటాను."

ప్రేరణ ఏమన్నా అంగట్లో దొరికే సరుకా అని అడగబోయి నోరు మూసుకున్నాను. అడిగితే కుర్చీ దక్కదు.

సదస్సు కిటికీలు లేని హాల్లో జరిగింది. వేదికకు రెండు పక్కలా ప్లాస్టిక్ మొక్కలు. వాటి మధ్య నిలబడి ఒకాయన మట్టితో మాట్లాడమన్నాడు. ఇంకొకావిడ నీడను వినమంది. నా పక్కనున్న పెద్దమనిషి మొదట అదంతా రాసుకున్నాడు, తర్వాత కళ్లు మూసుకుని విన్నాడు, ఆ తర్వాత గురక పెట్టాడు. నా నోటుపుస్తకంలో మాత్రం టీ ఎన్నింటికో ఆ ఒక్క ముక్కే ఉంది.

రెండో రోజు ముఖ్య వక్త వచ్చాడు. ఏడాదికో అవార్డు కొట్టే మనిషి, అందుకని అందరూ ఆయన్ని అవార్డుగారనే పిలుస్తారు. తెర మీద ఒక ఆసుపత్రి ఆవరణ ఫొటో వేశాడు. గేటు నుంచి వార్డు తలుపు దాకా తిన్నగా పాత ఇటుకల దారి. చెట్టు నీడన దగ్గరదగ్గరగా నాలుగు బెంచీలు, వాటి నిండా రోగుల బంధువులు.

"ఇరవై దేశాలు తిరిగాను. ఇంత మనసెరిగిన తోట ఎక్కడా చూడలేదు. ఎవరు చేశారో కనుక్కోలేకపోయాను," అన్నాడు.

అది నేను ప్లాన్ గీసిన తోటే. కానీ నేను గీసిందేదీ అందులో మిగల్లేదు. నేను మెలికలు తిరిగే దారి గీశాను. ఫొటోలో బాగుంటాయని బెంచీలను ఎండలో, దూరదూరంగా పెట్టించాను. జనం నా మెలికల్ని పట్టించుకోకుండా గడ్డి తొక్కుకుంటూ అడ్డంగా నడిచారు. అక్కడి తోటమాలి నెలరోజులు వాళ్ల నడక గమనించి, ఆ అడుగుల వెంటే ఇటుకలు పరిచాడు, బెంచీలు నీడకు జరిపాడు. నా డిజైన్ పాడుచేశాడని ఆసుపత్రివాళ్లకు ఫిర్యాదు రాసింది నేనే. ఆ వారంలోనే అతణ్ణి పనిలోంచి తీసేశారు. దారి పీకి మళ్లీ నాది వేయడానికి మాత్రం ఎవరికీ తీరిక లేకపోయింది.

బావగారు అప్పటికే లేచి చెయ్యెత్తారు. "అది మా ఆఫీసుదేనండీ! ఇదిగో, మా మరదలే గీసింది!"

తర్వాత నా వైపు వంగి, "కుర్చీ నీది. నాలుగు ముక్కలు మాట్లాడు," అన్నారు.

మైకు చేతికొచ్చింది. చెప్పాల్సిన అబద్ధం చాలా చిన్నది. పదకొండేళ్లలో అంతకంటే పెద్దవి చాలానే చెప్పాను. కానీ తెర మీద ఒక ముసలావిడ కూతురి భుజాన తల వాల్చి నిద్రపోతోంది. నేను పెట్టించిన ఎండలో ఆవిడకు ఆ నిద్ర దొరికేది కాదు. నాకు సిగ్గేసింది.

"ఆ దారి నాది కాదండీ," అన్నాను. "అక్కడి తోటమాలి వేశాడు. నా ప్లాన్ పాడుచేశాడని నేనే అతని ఉద్యోగం ఊడగొట్టించాను. తప్పు చేశాను. అతని పేరు కూడా నాకు తెలీదు."

హాలంతా చప్పట్లు. గురక పెద్దమనిషి కూడా లేచి నిలబడ్డాడు. అవార్డుగారు కళ్లు తుడుచుకున్నారు.

"డిజైనర్ తనను తాను చెరిపేసుకోవడమంటే ఇదీ! పేరు తెలియని తోటమాలి... ఎంత గొప్ప ప్రతీక!"

"ప్రతీక కాదండీ, మనిషే," అన్నాను. మైకు అప్పటికే తీసేసుకున్నారు.

కూర్చున్నాక బావగారి ముఖం చూడాలి, వెలిగిపోతోంది.

"అదీ ప్రేరణంటే! వచ్చే ఏడు మన ఆఫీసు తరఫున ఇదే మాట్లాడమ్మా. కథలో ఆ తోటమాలికి ఇద్దరు పిల్లల్ని కూడా పెట్టు."