ఏ భాష నేర్చుకోమంటారు బావా

బస్సు డిపోలో ఆయన్ని అందరూ చార్టాయన అంటారు. ఏ డ్రైవరు ఏ బస్సెక్కాలో, ఏ కండక్టరు ఏ పూట దిగాలో రాసే డ్యూటీ చార్టు ఆయన చేతిలో ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఆ చార్టు కాగితం మీంచి కంప్యూటర్లోకి మారినప్పుడు దాన్ని గళ్ళల్లో టైపు చెయ్యడం డిపో మొత్తానికి ఆయనొక్కడికే పట్టుబడింది. ఇంకేం, చెట్టులేని చోట ఆముదం చెట్టే మహావృక్షమన్నట్టు, ఫోను బిగుసుకుపోయినవాడూ పాస్‌వర్డు మర్చిపోయినవాడూ ఆయన బల్ల దగ్గరికే రావడం మొదలైంది. అత్తవారి వైపు సంగతి చెప్పనే అక్కర్లేదు. వాళ్ళకి ఆయన కంప్యూటర్ అల్లుడు.

ఆ పేరు నిలబెట్టుకుందామనే పాపం ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి కూర్చున్నాడు. ముందు పైథాన్ అనే కంప్యూటర్ భాష పట్టాడు. తెర మీద తన పేరు పడేట్టు చేశాడు. రెండంకెలు కూడించాడు. ఇంతేనా అనుకున్నాడు. తర్వాతి పాఠంలో లూప్ వచ్చింది. చెప్పిన పనినే మళ్ళీ మళ్ళీ చేయించడం. అదీ బాగానే ఉంది. ఆ పైన లూప్ కడుపులో ఇంకో లూప్ వచ్చింది. బయటిది ఒక్కసారి తిరిగేలోపు లోపలిది ఆసాంతం తిరిగొస్తుందట. అక్కడ ఆయన బుర్ర తిరిగింది. కొన్నాళ్ళు తల గోక్కుని, అసలు ఈ భాషే మనకి పడదులే అని జావాకి మారాడు. జావాలోనూ పేరు పడింది, అంకెలు కూడాయి, మళ్ళీ ఆ రెండో లూప్ దగ్గరికొచ్చేసరికి కాళ్ళు బిగుసుకుపోయాయి. పునాదంతా సి భాషలోనే ఉందని ఎవరో అంటే అటు పోయాడు. రేవు మారిస్తే ఏటి లోతు తగ్గుతుందనుకున్నవాడి ఈత అది.

నేర్చుకోవడం ఆగిపోయింది కానీ, ఏ భాష మేలో చెప్పే వీడియోలు చూడ్డం మాత్రం ఆగలేదు. దేనికి ఎంత గిరాకీ, ఏది తేలిక, ఏది రేపటికల్లా మూలపడుతుంది, అన్నీ నోటికొచ్చేశాయి. టీ తాగే చోట ఆయన మొదలుపెడితే డ్రైవర్లు గ్లాసులు చల్లారిపోతున్నా వినేవాళ్ళు. వాళ్ళల్లో మీసాల డ్రైవరు ఒకడికే నోరెక్కువ.

“ఇన్ని చెప్తున్నావు కదా అన్నా, ఒక్క ప్రోగ్రాం రాసి చూపించు. నా వారం సెలవు ఎప్పుడొస్తుందో చెప్పేదైనా సరే.”

“దానికి కంప్యూటరెందుకు, నేనే చెప్తా. రాదు.”

అందరూ పకపకా నవ్వారు. చార్టాయన కూడా నవ్వాడు. అలా ఆ పూటకి గండం గడిచింది.

ఇంట్లో గండం అంత తేలిగ్గా గడవలేదు. భార్య చెల్లెలు ఫోన్లలో జవాబులు చెప్పే ఆఫీసులో పనిచేసేది. ఆ ఆఫీసు మూతపడితే అక్క దగ్గరికొచ్చి ఉంటోంది. వచ్చిన వారానికి అన్నాలయ్యాక నెమ్మదిగా అడిగింది.

“బావా, నేనూ ప్రోగ్రామింగ్ నేర్చుకుందామనుకుంటున్నా. అసలేమీ తెలియనిదాన్ని. ఏ భాష నేర్చుకోమంటారు?”

నాకూ సరిగ్గా తెలీదమ్మా అని ఉంటే ఈ కథే లేదు. కానీ పక్కన భార్య వింటోంది. మరదలు కళ్ళల్లో అంత నమ్మకం ఉంది. చార్టాయన గొంతు సవరించుకుని ఒక ఉపన్యాసం ఇచ్చి, చివరికి పైథాన్ అన్నాడు.

ఆ పిల్ల ఆయన పాత ల్యాప్‌టాప్ తీసుకుని, వంటింటి పనయ్యాక భోజనాల బల్ల దగ్గర కూర్చునేది. పెన్సిలు కొరుకుతూ, తనలో తను గొణుక్కుంటూ, పట్టిన పట్టు వదిలేది కాదు. ఒక ఆదివారం మధ్యాహ్నం పేపరు చదువుకుంటున్న బావ దగ్గరికి ల్యాప్‌టాప్ పట్టుకొచ్చింది.

“బావా, ఈ లూప్‌లో లూప్ అంటే మీ చార్టు లాంటిదేనా? ముందు ఒక బస్సు పట్టుకుంటారు. దానికి పొద్దున ఎవరు, మధ్యాహ్నం ఎవరు, రాత్రి ఎవరు అని అన్ని పూటలూ నింపేసి, అప్పుడు ఇంకో బస్సుకి పోతారు. ఇదీ అంతేనా?”

చార్టాయన తెర వంక చూశాడు. తను పారిపోయి వచ్చిన చోటే అది. ఔనంటే ఎలాగో చెప్పమంటుందేమో. ఆ భయంలో ఆ పిల్ల అన్న మాట చెవిదాకా వచ్చి ఆగిపోయింది.

“కాదు కాదు. అది వేరు, ఇది వేరు,” అన్నాడు. “అయినా నేనే చెబ్దామనుకుంటున్నా. పైథాన్ ఇప్పుడు ప్రతివాడూ నేర్చేసుకుంటున్నాడు. గుంపులో గోవిందయ్యవైపోతావు. జావా పట్టు.”

“ఇంతదాకా వచ్చాక మార్చడమెందుకు బావా?”

“నీ మంచికే చెప్తున్నా.”

ఆ మాటన్నాక ఇంక ఎవరు మాత్రం ఏమంటారు? మారింది. జావాలోనూ కష్టపడి ఆ మలుపుదాకా వచ్చింది, వచ్చి మళ్ళీ సందేహం అడిగింది. ఈసారి పునాది గట్టిగా ఉండాలంటే సి భాషే దిక్కన్నాడు. భార్య బియ్యం చెరుగుతూ వింటోంది.

“దాన్ని కుదురుగా ఒకటి నేర్చుకోనివ్వండి. రోజుకో మడికి మార్చి నాటితే ఏ నారైనా బతుకుతుందా?”

“ఇందులో నీకేం తెలుసు, ఊరుకో,” అన్నాడు చార్టాయన. అన్నాక చెవులు వేడెక్కాయి. పేపరు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఇంతలో పార్సిళ్ళు చేరవేసే ఆఫీసొకటి కొత్తవాళ్ళని తీసుకుంటోందని తెలిసింది. ఏ భాషైనా పర్వాలేదు, చిన్న ప్రోగ్రాం రాసి చూపిస్తే చాలు, మిగతాది మేమే నేర్పుకుంటాం అన్నారట. మరదలు ఇస్త్రీ చీర కట్టుకుని పొద్దున్నే వెళ్ళింది. చార్టాయన ఆ పూట సెలవు పెట్టి ఇంట్లోనే ఉండిపోయాడు. ఎందుకు పెట్టాడో తనకే తెలీదు.

భోజనాల వేళకి తిరిగొచ్చింది. కాళ్ళు కడుక్కుని కంచం ముందు కూర్చుని, అడక్కముందే మొదలుపెట్టింది.

“సినిమా హాలు సీట్ల లెక్కిచ్చారక్కా. ఇన్ని వరసలు, వరసకిన్ని సీట్లు, ఒక్కో సీటు నంబరూ కంప్యూటర్ తెర మీద పడాలి. సరేనని మొదలుపెట్టా. మొదటి లైను పైథాన్‌లో పడింది. రెండో లైనుకి జావా తోసుకొచ్చింది. చివర్న బ్రాకెట్లు సి వాళ్ళవి. పరీక్ష పెట్టినాయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాడు. ‘ఏ భాషమ్మా ఇది?’ అన్నాడు. ‘మా ఇంటి భాషండీ’ అన్నా.”

అక్కకి నవ్వాగక పొలమారింది. నెత్తి మీద తట్టుకుంటూ నీళ్ళు తాగింది. చార్టాయన కలిపిన ముద్ద చేతిలోనే ఉంది.

“మంచాయనేలే,” అంది మరదలు. “కంప్యూటర్ మాటొదిలెయ్, ఎలా చేస్తావో నోటితో చెప్పు అన్నాడు. నాకు ఠక్కున బావ చార్టు గుర్తొచ్చింది. ఒక్కో బస్సూ, ఆ బస్సుకి ఒక్కో పూటా. అదే చెప్పబోయా. కానీ అది కాదని బావ అన్నారుగా. తప్పు చెప్పి ఇంకా నవ్వులపాలవడమెందుకని నోరు మూసుకున్నా. చివరికి ఆయనే చెప్పాడు. ఒక వరస పట్టుకుని, దాన్లో సీట్లన్నీ అయ్యాక ఇంకో వరసకి పోవాలట.”

కాసేపు కంచంలో వేలితో గీతలు గీసింది.

“నాకైతే రెండూ ఒకటేలా కనపడుతున్నాయి. తేడా ఎక్కడుందో ఇప్పటికీ తెలీట్లేదు. అప్పుడర్థమైంది, ఇది నా బుర్రకెక్కే విద్య కాదని.”

ఇన్నాళ్ళూ ఎక్కనిది చార్టాయనకి అప్పుడెక్కింది. బస్సులూ పూటలూ, వరసలూ సీట్లూ. రోజూ తన చేత్తో నింపే గళ్ళు అవే. ఆ పిల్ల ఆ ఆదివారమే తాళం తీసేసింది. తలుపు లాగి గడియ పెట్టింది తను.

“బట్టల కొట్టాయన బిల్లుల పనికి రమ్మంటున్నాడు,” అంటోంది మరదలు. “పొద్దుట్నుంచి రాత్రిదాకా ఉండాలి, ఏడాదిదాకా మానకూడదట. సాయంత్రంలోగా చెప్పమన్నాడు. వస్తానని చెప్పేస్తా. ఇంకా ఎన్నాళ్ళు మీ నెత్తిన కూర్చోను?”

“మీ బావ ఇంత చెప్పినా రాలేదంటే ఏం చేస్తాంలే,” అంది అక్క.

“బావనేమనకే. ఎంత ఓపిగ్గా చెప్పారని. నాదే మట్టిబుర్ర.”

చార్టాయన చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. పంపు తిప్పి అలాగే నించున్నాడు. ఏం చెయ్యాలా అని వెతుక్కుంటుంటే నాలిక మీదికి ఇంకో కొత్త భాష పేరు తయారుగా వచ్చి కూర్చుంది. ఇదైతే నీకు బాగా కుదురుతుందమ్మా అనడానికి అంతా సిద్ధం. తన నాలికని చూసి తనకే అసహ్యమేసింది. అద్దంలోకి చూడకుండా పంపు కట్టాడు.

మరదలు బాల్కనీలో బట్టలారేస్తోంది. ఫోను గోడ మీద పెట్టుకుంది.

“ఆ కొట్టాయనకి అప్పుడే చెప్పకు,” అన్నాడు.

“ఏం బావా, ఇంకేదైనా భాష తగిలిందా?”

ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. చెంప పగలగొట్టినా అంత తగిలేది కాదు.

“నువ్వన్నదే కరెక్టు. నా చార్టూ, లూప్‌లో లూపూ ఒకటే. తేడా ఏం లేదు.”

“మరి కాదన్నారు?”

“అప్పుడు నాకు తెలీదు.”

“మరెప్పుడు తెలిసింది?”

“ఇందాక. నువ్వు అన్నం తింటూ చెప్పినప్పుడు.”

మరదలి చేతిలో తడి తువ్వాలు నీళ్ళోడుతోంది. చార్టాయన ఆ నీళ్ళ వంకే చూస్తూ చెప్పాడు.

“నాకు ఏ భాషా రాదు. అన్నిట్లోనూ నా పేరు రాసుకోవడమే వచ్చు. ఆ రెండో లూప్ దగ్గర నేనే ఆగిపోయాను. నువ్వడిగినప్పుడల్లా జవాబు తెలీక, తెలీదని చెప్పలేక, భాషలు మార్పించాను.”

“అంటే నేను దాటబోతున్న ప్రతిసారీ వెనక్కి లాగారన్నమాట.”

“అవును.”

“మరి నా బుర్ర?”

“నీ బుర్రకేం కాలేదు.”

తిడుతుందేమోనని చూశాడు. తిడితే సగం బరువన్నా దిగేది. ఆ పిల్ల తిట్టలేదు. తువ్వాలు గట్టిగా పిండింది, దులిపింది, తీగ మీద వేసి అంచులు సరిచేసింది. క్లిప్పులు పెట్టాక కూడా ఇటు తిరగలేదు.

“నేను దద్దమ్మననుకున్నాను బావా,” అంది. “అక్క ముందు నవ్వానుగానీ, బస్సులో వస్తున్నంతసేపూ అదే అనుకున్నా.”



ఫోను తీసి కొట్టాయనకి చేసింది. “అన్నా, రోజంతా నాకు కుదరదు. ఒంటిపూట అయితే వస్తా. ఏడాది మాట కూడా ఇవ్వలేను. కాదంటే ఇంకొకళ్ళని చూసుకోండి, ఏమీ అనుకోను.” అవతల చాలాసేపు ఏదో అన్నాడు. ఊ కొట్టి పెట్టేసింది.

“ఏమన్నాడు?”

“రేపు చెప్తాడట. కాదంటే ఇంకో కొట్టు.” అప్పుడు బావ మొహంలోకి చూసింది. “పైథాన్ ఎక్కడ వదిలేశానో నాకు గుర్తుంది. అక్కణ్ణించే పడతా. మీరు మాత్రం ఆ బల్ల దగ్గరికి రాకండి.”

“రాను.”

“అక్కకి మీరే చెప్పండి. నేను చెబితే చాడీలా ఉంటుంది.”

ఖాళీ బకెట్టు పట్టుకుని లోపలికి పోయింది. చార్టాయన కొంచెంసేపు ఆరేసిన బట్టల మధ్య నించున్నాడు. తర్వాత తనూ లోపలికి నడిచాడు.

భార్య కంచాలు తీసేసి బల్ల తుడుస్తోంది. “మా ఇంటి భాషట,” అని తనలో తనే మళ్ళీ నవ్వుకుని తలెత్తింది. “ఏమిటండీ, మళ్ళీ దానికి భాష మార్చారా?”

“లేదు. కూర్చో, నీకో సంగతి చెప్పాలి.”

కూర్చుంది. ఇందాకటి నవ్వు ఆవిడ మొహంలో ఇంకా పూర్తిగా పోలేదు. తను నోరు తెరిస్తే అది పోతుందని చార్టాయనకి తెలుసు. చూపు బల్ల మీద ఆనించి, మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.