బావమరిది పీల్చిన గాలి

ఆ బూట్ల ఫ్యాక్టరీలో గాలి కొలిచే రోజు ఏడాదికొకసారి వచ్చేది. దానికి ఎవరూ దండోరా వేయనక్కర్లేదు. దుమ్ము వస్తుందని ఏడాది పొడుగునా బిగించి ఉంచిన కిటికీలు ముందురోజు మధ్యాహ్నం నుంచే మూలుగుతూ ఒక్కొక్కటే తెరుచుకునేవి. ఎక్కడినుంచో అరువు తెచ్చిన నిలువెత్తు ఫ్యాన్లు రెండు గుమ్మానికి అటూ ఇటూ కాపలా నిలబడేవి. పదహారు జిగురు బల్లల్లో పన్నెండింటిని ఖాళీ చేయించి, అక్కడి ఆడవాళ్ళని అట్టపెట్టెలు మడిచే పనికి తోలేవారు.

"మన ఊపిరి మనం పీల్చుకోవడానికి ఏడాదికో రోజు సెలవిస్తారు," అనేది జిగురక్క.

ఆవిడ అసలు పేరు హాజరు పుస్తకానికి తప్ప ఇంకెవరికీ అక్కర్లేదు. పదకొండేళ్ళుగా బూటు అడుగులకు బ్రష్షుతో జిగురు పూస్తోంది. జిగురు పల్చగా రావడానికి అందులో కలిపే ద్రావకం ఇట్టే ఆవిరైపోతుంది. ఆవిరైనది ఆకాశంలోకి పోదు, పూసేవాళ్ళ ముక్కుల్లోకి పోతుంది. మొదట్లో ఆ తియ్యటి వాసనకి జిగురక్కకి తలనొప్పి వచ్చేది. తర్వాత తలనొప్పి అలవాటైపోయింది. ఆ తర్వాత వాసన తెలియడమే మానేసింది.

ఈ మధ్య ఆవిడ కాళ్ళ సంగతే బాగాలేదు. ఒకరోజు పని దిగి ఇంటికొస్తే అత్తగారు గుమ్మంలోనే ఆపింది.

"ఎడంకాలి చెప్పేదే?"

జిగురక్క కిందకు చూసుకుంది. చెప్పు లేదు. దారిలో ఎక్కడ జారిపోయిందో తెలియలేదు.

"కాలికి చెప్పు లేదని కూడా తెలియకుండా ఇంత దూరం నడిచొచ్చావా? బుర్ర ఎక్కడ పెట్టావు?" అంది అత్తగారు. కోడల్ని ఒక మాట అనే అవకాశం వస్తే వదులుకునే మనిషి కాదావిడ. అయినా స్టూలు మీద కాళ్ళు పెట్టించి, పాదం మీద గిల్లి, తెలుస్తోందా అని అడిగింది. తెలియడం లేదంది కోడలు. రెండోసారి కసిదీరా గిల్లింది. అత్త అంతలా గిల్లినా కోడలు కిక్కురుమనలేదంటే ఇది జబ్బేనని ఇద్దరూ ఒప్పుకున్నారు.

మర్నాడు జిగురక్క మేనేజరు గదిలోకి వెళ్ళి, కాళ్ళు మొద్దుబారుతున్నాయని, జిగురు వాసన వల్లేమోనని అంది. ఆయన సొరుగు లాగి ఒక కాగితం తీశాడు.

"చూడమ్మా, ఇక్కడి గాలిలో ఆ ఆవిరి ఉండొచ్చన్నదాంట్లో పదో వంతు కూడా లేదు. దీనికి సంతకం ఉంది, ముద్ర ఉంది. నీ కాళ్ళకి ఏముంది?"

కాళ్ళకి ఏమీ లేదు కాబట్టి ఆవిడ వెనక్కి వచ్చేసింది.

ఆ కాగితం ఎలా తయారయ్యేదో ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. గాలి కొలిచే యంత్రం అరచేతిలో పట్టేంత పంపు. దాన్ని మనిషి నడుముకి కట్టి, బొగ్గుపొడి నింపిన సన్నటి గాజు గొట్టాన్ని కాలరుకి తగిలిస్తారు. ఆ మనిషి ఎనిమిది గంటలు ఏ గాలి పీలిస్తే అదీ అదే పీలుస్తుంది. తర్వాత గొట్టాన్ని ల్యాబుకి పంపుతారు. మేనేజరు ఏటా దాన్ని గేటు దగ్గరి వాచ్‌మన్ బాబాయికి కట్టించేవాడు. బాబాయి వీధిలో కుర్చీ వేసుకుని, వీధిగాలిని నిజాయితీగా పీల్చి సాయంత్రానికి అప్పజెప్పేవాడు. కొలవడానికి వచ్చే పెద్దమనిషి మేనేజరు గదిలో నాలుగు టీలు తాగి వెళ్ళిపోయేవాడు.

ఈ ఏడు ఆ పెద్దమనిషి రిటైరయ్యాడు. ఆయన బదులు పాతికేళ్ళ అమ్మాయి వచ్చింది. టీ వద్దంది. అక్కడే మేనేజరు మనసు కీడు శంకించింది.

"ఈయన జిగురు ముట్టుకుంటారా?" అని అడిగింది వాచ్‌మన్ని చూసి.

"ముట్టుకోడనుకోండి. కానీ కార్మికుడే."

"అయితే జిగురుతో పని చేసేవాళ్ళని చూపించండి. నా దగ్గర ఈ రోజు ఒక్క పంపే ఉంది."

"నాకు కట్టండమ్మా," అంది జిగురక్క తన బల్ల దగ్గర్నుంచి.

మేనేజరుకి ఆ మాట వినపడింది కాబట్టే వినపడనట్టు గబగబా అందుకున్నాడు. "మా స్టోరు ఇన్‌ఛార్జి ఉన్నాడు. డ్రమ్ముల్లోంచి జిగురు వంపించేది అతనే. అతనికంటే జిగురు ముట్టేవాడు ఈ ఫ్యాక్టరీలో లేడు."

స్టోరు ఇన్‌ఛార్జి ఆయన బావమరిదే. అతను జిగురు ముట్టిన మాట అటుంచి, పని ముట్టడం కూడా ఎవరూ చూడలేదు. అమ్మాయి అతని నడుముకి పంపు కట్టి, కాలరుకి గొట్టం పెట్టి, హాల్లో ఖాళీ బల్లలన్నీ లెక్కపెట్టి పుస్తకంలో రాసుకుంది.

మేనేజరు బావమరిదిని పక్కకి లాగాడు. "సాయంత్రం దాకా హాలు ఛాయలకి రాకు. ఎక్కడైనా హాయిగా పడుకో."

"ఎక్కడ పడుకోను బావా?"

"అది కూడా నేనే చెప్పాలా?"

చెప్పి ఉంటే బాగుండేది. బావమరిది తిన్నగా స్టోరు గదిలోకి పోయి, మూలనున్న స్పాంజి కట్టల మీద నడుం వాల్చాడు. సరిగ్గా అదే సమయంలో మేనేజరు మరో హుకుం జారీ చేశాడు. ఖాళీ చేయించిన బల్లల మీది జిగురు డబ్బాలు ఆ అమ్మాయి కంటపడకుండా తీసుకుపోయి స్టోరులో పెట్టి తలుపు మూయమన్నాడు. మూతలు ఎప్పుడో పోయిన డబ్బాలు పన్నెండు. ఆ గదికి కిటికీ కూడా లేదు.

జిగురక్క చేతిలో రెండు డబ్బాలతో లోపలికి వెళ్ళేసరికి బావమరిది గుర్రు పెడుతున్నాడు. కాలరు మీద గాజు గొట్టం, నడుము దగ్గర సన్నగా మూలుగుతూ పంపు. ఆవిడకి మనసొప్పలేదు.

"సార్, ఇక్కడ వద్దండీ. ఈ డబ్బాలన్నీ ఇక్కడే పెడుతున్నారు. బయట పడుకోండి."

"నాకలవాటే," అన్నాడతను కళ్ళు తెరవకుండా. "తలుపేసి వెళ్ళు, వెలుతురు పడుతోంది."

ఆవిడ తలుపు ఓరగా ఉంచి వచ్చింది. గంట తర్వాత అటుగా వెళ్ళి చూస్తే గడియ లోపలినుంచి వేసి ఉంది. రెండుసార్లు తట్టింది. తట్టినందుకు లోపలినుంచి తిట్టు వినపడింది. తిట్టగలిగే ఓపిక ఉందంటే బాగానే ఉన్నాడనుకుని బల్ల దగ్గరికి పోయింది.

నాలుగ్గంటలకి బావమరిది బయటికొచ్చాడు. గోడ పట్టుకుని, ఎదురుగా ఎవరూ లేకపోయినా నవ్వుతూ నడిచాడు. అమ్మాయి ముందే మేనేజరు భుజం మీద చెయ్యి వేసి, "బావా, నువ్వు ఇద్దరున్నావు. అక్క ఒక్కతే కదా, ఎలా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా పూలకుండీలో వాంతి చేసుకున్నాడు.

"పొద్దున తిన్నదేదో పడినట్టు లేదు," అన్నాడు మేనేజరు.

అమ్మాయి ముక్కుకి మాస్కు తగిలించుకుని స్టోరులోకి వెళ్ళొచ్చి, మరో రెండు పేజీలు రాసుకుంది.

పన్నెండు రోజులకి ఫలితం వచ్చింది. ఫ్యాక్టరీకి వచ్చినదాన్ని మేనేజరు చూసీ చూడకుండా సొరుగులో పడేశాడు. కానీ ఆ అమ్మాయికి ఒక పాడలవాటు ఉంది. పంపు ఎవరికి కట్టిందో వాళ్ళ ఇంటికి కూడా ఒక కాపీ పంపుతుంది. బావమరిది ఉండేది బావగారింట్లోనే. ఉత్తరం విప్పింది అక్క.

పదకొండు గంటలకల్లా మేనేజరు భార్య ఫ్యాక్టరీకి వచ్చింది. ఆవిడ అగ్గిమీద గుగ్గిలంలా ఉంది. మొగుడు గదిలో లేడని తెలిసి నేరుగా హాల్లోకే వచ్చి, అందరి మధ్యా పట్టుకుంది.

"పరిమితికి తొమ్మిది రెట్లట. నరాలు చచ్చుబడతాయని రాశారు. మా తమ్ముణ్ణి ఉద్యోగం ఇప్పిస్తానని తెచ్చి ఇందుకా పెట్టారు?"

"ఒక్కరోజుకే ఏం కాదు, నువ్వు ఇంటికి పద," అన్నాడాయన నీళ్ళు నములుతూ. "ఇలాంటి కాగితాలు ఊరికే భయపెట్టడానికి రాస్తారు."

"నిరుడు ఇలాంటి కాగితాన్నే అద్దం కట్టించి హాల్లో పెట్టాలన్నారుగా?"

జిగురక్క బ్రష్షు కింద పెట్టింది.

"అమ్మా, మీ తమ్ముడుగారు ఒక్కరోజు పీల్చారు. నేను పదకొండేళ్ళ నుంచి పీలుస్తున్నాను. అందులో ఇంకేం రాశారో కాస్త పైకి చదువుతారా?"

ఆవిడ చిరాగ్గానే కళ్ళజోడు సర్దుకుని చదివింది. వేళ్ళకి తిమ్మిరి. నాకుందండీ అని ఒక గొంతు. చేతిలోంచి వస్తువులు జారిపోవడం. వెనక నుంచి మరో రెండు గొంతులు. పాదాలకి స్పర్శ తగ్గడం, నడకలో పట్టు తప్పడం. జిగురక్క బల్ల అంచు పట్టుకుని నాలుగడుగులు నడిచి చూపించింది. కుడికాలు నేలను వెతుక్కుంటున్నట్టు పడింది.

మేనేజరు భార్య ఉత్తరం మడిచింది. మొగుడి వైపు తిరిగింది.

"వీళ్ళందరికీ ఇలా ఉంటే, ఇక్కడ మా తమ్ముడు ఎలా బతుకుతాడండీ?"

పదహారుమంది ఆడవాళ్ళు ఇన్నాళ్ళు ఎలా బతికారన్నది ఆవిడకి తట్టలేదు. జిగురక్కకి నవ్వూ, ఒళ్ళుమంటా ఒక్కసారే వచ్చాయి. రెండూ మింగేసింది. తలుపు తెరుచుకుంటోంది, తెరిచేది ఎవరి కోసమైతే తనకేం?

వారం తిరక్కుండా ఆ అమ్మాయి అయిదు పంపులతో మళ్ళీ వచ్చింది. ఈసారి ఒక్క కిటికీ తెరవలేదు, ఒక్క బల్ల ఖాళీ చేయలేదు. ఎవరూ వేషాలు వేయకుండా మేనేజరు భార్య కుర్చీ వేసుకుని హాల్లోనే కూర్చుంది. గంటన్నరకి తల పట్టుకుని బయటికి పోయింది. జిగురక్క కాలరుకి తగిలించిన గొట్టంలో పరిమితికి నాలుగు రెట్లు తేలింది. మిగతా నలుగురిదీ ఇంచుమించు అంతే. మొదటిసారి స్టోరులో అంతకు రెట్టింపు పైన వచ్చింది ఆ రోజు డబ్బాలన్నీ అక్కడ దాచినందుకేనని తేల్చి చెప్పింది అమ్మాయి.

మూడు నెలల్లో ప్రతి బల్ల నెత్తిన ఆవిరిని లాగేసే గొట్టాలు వచ్చాయి. సగం రకాల బూట్లకి నీళ్ళతో కలిపే జిగురు వచ్చింది. గొట్టాలు ప్రారంభించిన రోజు మేనేజరు మైకు పుచ్చుకుని, కార్మికుల ఊపిరే తన ఊపిరని అరగంట చెప్పాడు. ఆయన వెనక నిలువెత్తు ఫోటో. అందులో ఆయన దీర్ఘంగా గాలి పీలుస్తున్నాడు. జిగురక్క వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టలేదు. వేళ్ళు ఇంకా సరిగా స్వాధీనంలో లేవని అడిగినవాళ్ళకి చెప్పింది.

నరాల డాక్టరు ఆవిడని జిగురు దగ్గరికే వెళ్ళొద్దన్నాడు. స్పర్శ నెమ్మదిగా వస్తుంది, మొత్తం వస్తుందని మాత్రం మాటివ్వలేనన్నాడు. ప్యాకింగులోకి మార్చారు. బావమరిదికి అన్ని పరీక్షలూ చేయించారు. ఏమీ లేదు. అతన్ని సేఫ్టీ ఆఫీసరుని చేశారు.

ఆ వార్త విని జిగురక్క ముక్కున వేలేసుకుంది. కానీ చిత్రంగా, ఆ పనికి అతనికంటే తగినవాడు దొరకడు. ప్రాణభయం అతన్ని మనిషిని చేసింది. మూతలేని డబ్బా కనిపిస్తే పామును చూసినట్టు ఎగిరేవాడు. రోజుకి పదిసార్లు గొట్టాల కింద చిన్న కాగితం ముక్క పట్టుకుని, అది పైకి లేస్తోందో లేదో చూసుకునేవాడు.

ఒక మధ్యాహ్నం కాగితం లేవలేదు. మోటారు ఆగిపోయింది. బావమరిది పని ఆపించి అందర్నీ ఆవరణలోకి తోలాడు.

"సరుకు రేపు పోవాలిరా," అన్నాడు మేనేజరు గుమ్మంలో నిలబడి. "రెండు గంటలకి ఏమైపోతారు?"

"నీకు తెలీదు బావా. నేను పీల్చినవాణ్ణి. కాదంటే అక్కకి ఫోన్ చేస్తాను."

మేనేజరు లోపలికి పోయాడు. జిగురక్క ప్యాకింగు గదిలోంచి బయటికొచ్చి, గోడ వారగా ఆడవాళ్ళ పక్కన కూర్చుంది. కాళ్ళెలా ఉన్నాయని ఎవరో అడిగారు. సూదులతో పొడుస్తున్నట్టుందని, అలా ఉంటే మంచిదేనట, డాక్టరు చెప్పాడని అంది. వాళ్ళు అన్నం డబ్బాలు విప్పి తినడం మొదలుపెట్టారు. తెరిచి ఉన్న కిటికీలోంచి, సరుకు ఇంకో రెండు రోజులు ఆలస్యమవుతుందని మేనేజరు ఫోన్లో ఎవర్నో బతిమాలుతుండడం వినపడుతూనే ఉంది.