మెడ దగ్గర సందు

క్లబ్బువాళ్ళు నన్ను మొదటిసారి కాదన్నది బూట్ల రంగు గురించి. రెండోసారి మెడ దగ్గర సందు గురించి. మూడోసారి కూడా కాదంటే మళ్ళీ ఏడాదిదాకా అడగకూడదు, అది వాళ్ళ నియమం. అందుకే ఆ సందు మీద నేను నాలుగు నెలలు కూర్చున్నాను.

ముందు క్లబ్బు సంగతి చెప్పాలి. కొన్నేళ్ళ కిందట 'ఇనుప సముద్రం' అని ఒక డబ్బింగ్ సీరియల్ వచ్చేది. అందులో రేవు కాపలా సైనికులు తల నుంచి కాలిదాకా పసుపుపచ్చ కవచాలు వేసుకుని ఉంటారు. ఆ కవచాన్ని తెర మీద ఎలా ఉందో అచ్చం అలాగే చేసుకుని తొడుక్కునేవాళ్ళు మన రాష్ట్రంలో అరవైమంది దాకా ఉన్నారు. ఆస్పత్రుల్లో పిల్లల వార్డులకి, స్కూళ్ళకి అవి వేసుకుని వెళ్తారు. ఎవరు పడితే వాళ్ళు చేరడానికి లేదు. ఒక మనిషి వీడియోలో చూస్తూ కొలతలు అడుగుతాడు. భుజం వంపు ఎంత, ఛాతీ మీద సీల తలలు ఎన్ని, మోకాలి పలక ఎక్కడ ఆగింది, అన్నీ. ఒప్పుకుంటే సభ్యుడిగా ఒక నంబరు ఇస్తాడు.

నేను బందరు చిలకలపూడిలో రోల్డుగోల్డు పనివాణ్ణి. ఏడో తరగతితో చదువు ఆపేసి పనిలోకి వచ్చాను. ఇప్పుడు యాభై రెండేళ్ళు. ఇన్నేళ్ళలో నేను చేసిన గొలుసు చేతిలోకి తీసుకున్న ప్రతివాళ్ళూ అడిగేది ఒక్కటే, "ఎన్నాళ్ళకి నల్లబడుతుందండీ?" అని. వాళ్ళ తప్పేం లేదు. నకలులో లోపమే వెతుకుతారు ఎవరైనా. ఈ క్లబ్బులో మొట్టమొదటిసారి ఒక మనిషి నా నకలుని అసలు పక్కన పెట్టి, ఎంత దగ్గరికి వచ్చిందో కొలిచాడు. "నాగేంద్రబాబు గారూ, మీ ఛాతీ పలక మా అందరిలోకీ బాగుందండి" అన్నాడు. ఆ మాట విన్నాక ఆ నంబరు లేకుండా ఉండలేననిపించింది.

మిగతావాళ్ళు ఫోము అట్టతో చేసి రంగు వేస్తారు. నాకు తెలిసింది ఇత్తడి. పల్చని రేకు సాగగొట్టి, మెరుగుపెట్టి, పైన బంగారు పూత ఎక్కించాను. మొత్తం పదమూడు కిలోలు. హెల్మెట్ వచ్చి మెడపట్టీ మీద కూర్చునే చోట మాత్రం ఎంత చేసినా సందు కనిపించేది. సీరియల్లో లేదు. చివరికి గాజులకి పెట్టే మర గుర్తొచ్చింది. హెల్మెట్‌ని మెడపట్టీకి, పట్టీని భుజాలకి మరలతో బిగించేస్తే సందు ఎక్కడిది? అయితే మర తల మీద గీత ఉంటే ఫొటోలో పడుతుంది. గీత తీసేసి మూడు సన్న చిల్లులు పెట్టాను. చూసేవాళ్ళకి సీల మీద నగిషీ అనిపిస్తుంది. ఆ చిల్లుల్లో పట్టేలా సైకిలు పుల్ల కొసని మూడు పళ్ళుగా అరగదీసి ఒక తిప్పుడు పుల్ల చేశాను. అది ఒక్కటే. వేలి పొడుగు ఉంటుంది. ఎక్కడైనా పడిపోతుందని మా ఆవిడ రాజకుమారికి ఇచ్చాను. ఆవిడ దాన్ని తాళిగొలుసుకి పిన్నీసుల గుత్తిలో తగిలించుకుంది.

మూడోసారి పరీక్ష ఒక ఆదివారం పదకొండున్నరకి పడింది. అదే రోజు గుడివాడలో మా వదినగారి గృహప్రవేశం. రాజకుమారి తొమ్మిదింటి బస్సుకి వెళ్ళాలి. కవచం నా అంతట నేను తొడుక్కోలేను, ఆవిడ వెళ్ళే ముందే తొడిగేసేటట్టు, విప్పడానికి పక్కింటి గోవర్ధనరావు వచ్చేటట్టు అనుకున్నాం. అతను రేకు పని చేస్తాడు, నన్ను బావా అంటాడు. మర ఎలా తిప్పాలో ముందురోజే చూపించాను.

ఆఖరి మర బిగిస్తూ రాజకుమారి అంది, "కదలకండి. మెడ దగ్గర తోలు మరలో పడిందంటే మళ్ళీ నన్నే అంటారు."

"ఇంకో అరచుట్టు తిప్పు."

"అయిపోయింది. ఇదేం సరదా అండీ, మనిషిని ఆవకాయ జాడీలో పెట్టి వాసెన కట్టినట్టు."

"సరిగ్గా చూడు, సందు ఉందా?"

ఆవిడ కాసేపు చూసింది. "లేదు. మనిషి కూడా లేడు," అంది. తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

మొదటి గంట హాయిగా గడిచింది. వరండాలో అటూ ఇటూ నడిచాను. తొడ పలకలు కూర్చోనివ్వవు, మోచేతి పలకలు చేతిని భుజం దాటి లేవనివ్వవు. తెర మీద సైనికులూ అలాగే నడుస్తారు కాబట్టి సంతోషపడ్డాను. లోపల నా ఊపిరి నాకే ఎవరో పక్కన పడుకుని నిద్రపోతున్నట్టు వినిపిస్తోంది. ఎండ వరండాలోకి వచ్చింది. రేకు వేడెక్కడం మొదలైంది.

పదిన్నరకి గోవర్ధనరావు వచ్చాడు. హెల్మెట్ మీద వేలితో రెండుసార్లు తట్టాడు.

"బావా, ఉన్నావా లోపల?"

"ఉన్నాను. మంచినీళ్ళు పట్రా."

"పోస్టు డబ్బాతో మాట్లాడుతున్నట్టుంది నాకు." గ్లాసులో స్ట్రా వేసి నోటి దగ్గరి జాలీలోంచి దూర్చాడు. నాలుగు గుక్కలు తాగాను. "ఇంతకీ పుల్ల ఎక్కడుంది? ముందే దగ్గర పెట్టుకుంటాను."

"బల్ల మీద. పెట్టి వెళ్ళమన్నాను."

"బల్ల మీద లేదు."

"గూట్లో చూడు."

అతను గూడు చూశాడు, బల్ల కింద చూశాడు, మంచం దులిపాడు. నేను నిలబడి ఉన్నాను. అప్పుడు నా కళ్ళముందు రాజకుమారి చెయ్యి కనిపించింది. ఆఖరి మర బిగించగానే ఆ చెయ్యి అలవాటుగా గొలుసు దగ్గరికి వెళ్ళింది. పుల్లని పిన్నీసుల మధ్య తగిలించింది. నేను చూశాను. చూస్తూ సందు గురించి అడిగాను.

గోవర్ధనరావు ఫోన్ కలిపి నా చెవి దగ్గర, అంటే హెల్మెట్ దగ్గర పెట్టాడు. అవతల మేళం మోగుతోంది.

"ఏవండీ, ఇప్పుడే దిగాను. అయిపోయిందా అప్పుడే?"

"నీ గొలుసు చూసుకో."

మేళం చప్పుడులో పిన్నీసులు గలగలమన్నాయి. "అయ్యో నా మతి మండా. ఇక్కడే ఉంది. వచ్చే బస్సుకి బయల్దేరతాను. ఒంటిగంటలోపు వచ్చేస్తాను. మీరు కంగారుపడకండి."

కంగారుపడొద్దన్నాక కంగారు వచ్చింది. అంతకుముందు కూడా నేను అందులోంచి బయటికి రాలేను. కానీ రావాలని అనుకోలేదు. ఇప్పుడు రావాలనుకున్నాను. వెంటనే ముక్కు మీద దురద, వీపు మీద చెమట, మెడ కింద రేకు అంచు, అన్నీ ఒక్కసారి పుట్టుకొచ్చాయి. చెయ్యి మెడ దాకా లేపాను. మోచేతి పలక అడ్డుపడి ఆగిపోయింది. ఆ పలక ఎంత దూరం రావాలో కొలిచి కోసింది నేనే.

గోవర్ధనరావు పిన్నీసు పెట్టి చూశాడు, వంగిపోయింది. సన్న మేకు కొసని పళ్ళలా అరగదీసి చూశాడు, మూడు చిల్లుల్లో రెండింటిలోకే దిగింది, తిప్పబోతే జారిపోయింది.

"ఇలాంటి తాళం పెట్టుకోమని నీకు ఎవరు చెప్పారు బావా? బ్యాంకువాళ్ళకి కూడా లేదిది."

"గీత కనపడకూడదని."

"గీత కనపడట్లేదు. నువ్వూ కనపడట్లేదు. రేకు కత్తెర తెస్తాను, మెడపట్టీ పక్కన కోసేద్దాం. రెండు నిమిషాల పని."

"వద్దు."

"ఎందుకు వద్దు?"

"కోస్తే పదకొండున్నరకి ఏం చూపిస్తాను? ఏడాది ఆగాలి. రాజకుమారి ఒంటిగంటకి వస్తుంది. ఈలోపు పరీక్ష అయిపోతుంది. ఎలాగూ లోపలే ఉన్నానుగా."

అతను కాసేపు నన్ను, అంటే ఇత్తడి మొహాన్ని చూసి, వెళ్ళి కత్తెర తెచ్చి బల్ల మీద పెట్టాడు. "పెట్టాను. అంతే," అన్నాడు.

పదకొండున్నరకి అనుదీప్ వీడియోలోకి వచ్చాడు. కొలతలు చూసేది అతనే. అవనిగడ్డ కుర్రాడు, కాలేజీలో లాబ్ చూసుకుంటాడు. గోవర్ధనరావు ఫోన్ పట్టుకుని నా చుట్టూ ప్రదక్షిణ చేశాడు. అనుదీప్ ఆపమన్నచోట ఆగుతూ, టేపు పెట్టమన్నచోట పెడుతూ. భుజం సరే. సీలలు పద్దెనిమిది, సరే. మూడు మెట్లు ఎక్కి దిగమన్నాడు. దిగాను. మూడో మెట్టు దగ్గర కళ్ళు బైర్లు కమ్మాయి. చెమట కంట్లో పడుతోంది, తుడుచుకోవడానికి లేదు.

"మెడ దగ్గరికి రండి అంకుల్... ఇంకొంచెం దగ్గరగా... ఎడమవైపు..." అని ఫోన్‌ని రెండుసార్లు మెడ చుట్టూ తిప్పించాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "అంకుల్, ఎలా చేశారండీ ఇది? సందు లేదు. సీరియల్లో వాళ్ళకే ఒక సీన్లో కనపడుతుంది. మీకు లేదు."

నేను ఇత్తడి లోపల నవ్వాను. ఎవరికీ కనపడలేదు.

"ఇంక ఒక్కటేనండి. భద్రత రూలు. ఎవరి సాయం లేకుండా, పది లెక్కపెట్టేలోపు మీ అంతట మీరు హెల్మెట్ తియ్యాలి. కానివ్వండి."

ఆ రూలు నాకు తెలీదు. రూలు కాగితం ఇంగ్లీషులో ఉంది. బొమ్మలున్న పేజీలు మాత్రం పట్టి పట్టి చూశాను.

గోవర్ధనరావు ఫోన్ మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు. "బావా, నెట్ పోయిందని కట్ చేస్తాను. ఒంటిగంటకి చెల్లాయి వస్తుంది. మర వదులు చేసి పెట్టుకుని మళ్ళీ ఫోన్ చేద్దాం. పది ఏంటి, అయిదులో తీసెయ్యొచ్చు. వాడికేం తెలుస్తుంది?"

నిజమే, ఏం తెలీదు. నాకు ఆశ పుట్టింది. అయితే గిల్టు వస్తువులు ఎన్ని వేలు చేశానో లెక్కలేదు గానీ, దేన్నీ బంగారమని చెప్పి ఇవ్వలేదు. ఇదొక్కటీ ఇచ్చి ఆ నంబరు తీసుకుంటే ఆ నంబరు నల్లబడదా?

"చెయ్యి తియ్యి," అన్నాను. అతను తీశాడు. "అనుదీప్ బాబూ, నేను తియ్యలేను. మరలు బిగించాను. వాటి పుల్ల మా ఆవిడ మెడలో ఉంది. ఆవిడ గుడివాడ నుంచి వస్తోంది."

"ఎప్పటి నుంచి ఉన్నారండీ అందులో?"

"తొమ్మిదింటికి ముందు నుంచి."

తియ్యలేను అని పైకి అన్నాను చూడండి, అక్కడ నా ఊపిరి తెగింది. అప్పటిదాకా ఎలాగో దాన్ని పట్టుకుని ఉన్నాను. జాలీలోంచి గాలి రావట్లేదనిపించింది. మోకాళ్ళు వంగబోయాయి, తొడ పలకలు వంగనివ్వలేదు. గోడకి ఆనుకున్నాను. పడిపోవడానికి కూడా చోటు లేదు అందులో.

"అంకుల్, కోయించండి," అన్నాడు అనుదీప్. "ఇప్పుడే. నేను లైన్లోనే ఉంటాను. పక్కనెవరండీ, మీరు కొయ్యండి."

గోవర్ధనరావు ఫోన్‌ని కిటికీకి ఆనించి కత్తెర అందుకున్నాడు. చల్లటి ఇనుము నా దవడ కిందకి వచ్చింది.

"బావా, మాట్లాడకు. దగ్గకు."

"సీలల మీదికి పోనివ్వకు."

"మాట్లాడొద్దన్నానా."

రేకు తెగే చప్పుడు బయట వేరు, లోపల వేరు. నా పళ్ళల్లోంచి వచ్చింది. మెడపట్టీ, హెల్మెట్ అంచు, ఛాతీ పలక మీద మూడు సీలల దాకా వంకరటింకరగా తెగింది. అతను రెండు చేతులతో విరిచి లాగాడు. గాలి మొహానికి తగిలింది. వంటింట్లో పొద్దున మాడిన పాల వాసన, వీధిలో చేపల బుట్ట వాసన, అన్నీ ఒకేసారి వచ్చాయి. నేను నేల మీద కూర్చున్నాను.

"అంకుల్, కనిపిస్తున్నారండి," అన్నాడు అనుదీప్. తర్వాత, "ఇవాళ కాదనే రాయాలండి నేను. ఏమీ అనుకోకండి," అన్నాడు.

"రాయి బాబూ."

ఒంటిగంటకి పది నిమిషాలుండగా రాజకుమారి వచ్చింది. గుమ్మంలో నిలబడి బనీనుతో ఫ్యాను కింద ఉన్న నన్నూ, పక్కన పడి ఉన్న తెగిన ఇత్తడినీ చూసింది. నా మెడ మీద ఎర్రగా పడిన గీత మీద వేలు పెట్టింది. గొలుసులోంచి పుల్ల తీసి గుమ్మం పక్కన మేకుకి తగిలించి, కాళ్ళు కడుక్కోడానికి వెళ్ళింది.

వారందాకా కవచం ముట్టుకోలేదు. చొక్కా పైగుండీ కూడా పెట్టుకోలేకపోయాను. అది పెట్టుకోబోతే చెయ్యి ఆగిపోయేది. ఎనిమిదో రోజు అనుదీప్ ఒక ఫైలు పంపాడు. రూల్స్ అన్నీ కూర్చుని తెలుగులో రాశాడు. "మీలాంటి వాళ్ళకి అర్థమవుతుందా లేదా చదివి చెప్పండి అంకుల్" అని కింద రాశాడు. భద్రత రూలు అన్నిటికన్నా పైన పెట్టాడు.

చదివాక లేచి రేకు కత్తెర అరువు తెచ్చాను. రెండో వైపు నేనే కోశాను, తిన్నగా. మరలన్నీ తీసిపారేసి, వడ్డాణానికి పెట్టే కీలు ఒక వైపు వేశాను. రెండో వైపు చేతికందే చోట కొక్కెం పెట్టి, మోచేతి పలక అరంగుళం తగ్గించాను. రాజకుమారి ఫోన్ పట్టుకుంటానంది. తల మీద పెట్టుకునే ముందు చాలాసేపు చేతుల్లోనే ఉంచుకున్నాను. పెట్టుకున్నాను. ఆవిడ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నాలుగు దగ్గర నా తల బయటికి వచ్చింది.

ఆ వీడియో అనుదీప్‌కి పంపించి, కింద ఇలా రాశాను: "బాబూ, మెడ దగ్గర వేలిగోరంత సందు కనపడుతోంది. తల కూడా బయటికి వస్తోంది. ఏడాది తర్వాత ఎలాగూ అడుగుతావు, రెండూ ఇప్పుడే రాసుకో."