ముందొచ్చిన పండగ

మా ఆయన నౌఫల్‌కి దోహాలో నర్సు ఉద్యోగం వచ్చినప్పుడు నేను రాజీనామా చెప్పడానికి బతూల్ ముందు నిలబడ్డాను. మా ఊరు ఫెజ్‌లో అందరూ గౌరవంగా లల్లా అని పిలిచే మనిషి ఆవిడ. కఫ్తాన్లనే పొడుగు గౌన్లు కుట్టే ఆవిడ కొట్టులో ఎంబ్రాయిడరీ నమూనాలు కంప్యూటర్ మీద గీసేది నేనే. పంటి కింద గుండుసూదులు తీయకుండానే విని, "సూది ఇక్కడే ఉంటుంది ఇబ్తిసామ్. బుర్ర ఎక్కడుంటే నాకేం? మొగుడితో పో, కంప్యూటర్ పట్టుకుపో," అంది.

నేను దోహా చేరిన రోజునుంచి కొట్టులో నా కుర్చీలో, వీడియోలో నన్ను చూపిస్తూ, ఒక టాబ్లెట్ కూర్చుంటోంది. దాని కింద నా పాత దిండే వేశారు. టీ వేళకి దాన్ని పళ్ళెం వైపు తిప్పుతారు. పెద్ద దర్జీ ఇద్రీస్ బాబాయ్ నాకూ ఒక గ్లాసు పోసి, చల్లారాక "పిల్ల తాగడం లేదు" అని తనే తాగేస్తాడు. దోహాలో నాకు ఏ లోటూ లేదు. ఒక్క ముల్లు మాత్రం లోపల గుచ్చుతూనే ఉండేది. ఇది జాలికొద్దీ ఇచ్చిన ఉద్యోగమేమో, ఏదో ఒకనాడు ఆవిడ విసుగెత్తి ఇక చాల్లే అంటుందేమో అని.

ఆ ఏడు రంజాన్ చివర దోహాలో నెలవంక కనబడింది. ఫెజ్‌లో ఉపవాసాలు ఒక రోజు ఆలస్యంగా మొదలయ్యాయి గనక మా పండగ రోజు వాళ్ళకింకా ఉపవాసమే. పండగ ముందు రోజంటే కొట్టుకి ఊపిరాడదు, ఊరంతా గుమ్మంలోనే ఉంటుంది. ఆ రోజు సెలవు అడిగితే ఆవిడ కాదనదు. అడగ్గానే ఇచ్చేవాళ్ళని అడగడమంత కష్టం ఇంకోటి లేదు. అందుకే మా పండగ సంగతి ఎవరికీ చెప్పకుండా పనిలో కూర్చున్నాను.

నౌఫల్‌కి ఆసుపత్రిలో సెలవు దొరికింది ఆ ఒక్క రోజే. తనే అట్లు వేసి, వెన్నా తేనే రాసి, కొత్త జెల్లాబా తొడుక్కుని వచ్చాడు. పండగ పూట కూడా కంప్యూటర్‌తోనే కాపురం చెయ్యమని మూతి ముడుచుకుని నా వెనక సోఫాలో కూలబడ్డాడు. పళ్ళెం మాత్రం నా మోచేతి పక్కనే పెట్టాడు.

పెళ్ళికూతురి కఫ్తాన్ చేతి అంచున తీగ ఎక్కడ తిరగాలని బాబాయ్ అడిగాడు. నేను వివరంగా చెబుతూ, పరధ్యానంగా ఒక అట్టు మడిచి నోట్లో పెట్టుకున్నాను.

కుట్టుమిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. నోరెండిన అంతమంది కళ్ళూ నా గడ్డం మీద కారుతున్న తేనె మీదే.

"మందు," అన్నాను.

"ఆ మందు ఏ షాపులో దొరుకుతుందో మాక్కూడా చెప్పమ్మా," అన్నాడు బాబాయ్. "పొద్దుగూకాక నేనూ ఓ డజను వేసుకుంటా."

కొట్టంతా గొల్లున నవ్వింది. బతూల్ నవ్వలేదు. తెర దగ్గరికొచ్చి, నన్ను దాటి వెనక్కి చూసి, ఆ కొత్త బట్టలేంటని నౌఫల్‌ని అడిగింది. ఇక్కడ పండగ ఇవాళేనని అతను ఉన్నమాట చెప్పేశాడు. పని ఎక్కువని చెప్పలేదని నేనేదో గొణిగాను.

"పండగ పూట నా పేరు చెప్పి మొగుణ్ణి ఏడిపిస్తావుటే? ఆ పాపం నా నెత్తికా? నువ్వు పుట్టకముందు ఇద్రీస్ సుద్దముక్కతో గీసేవాడు. ఇవాళా గీస్తాడు," అంది.

ఆ తర్వాత అందరినీ లేపి నా ముందు వరసగా నిలబెట్టింది. ఒక్కొక్కరే వచ్చి ఈద్ ముబారక్ చెప్పారు. బాబాయ్ తెరకి నుదురు ఆనించి దీవించాడు. దోహాలో మా ఇంటికొచ్చిన మొదటి పండగ చుట్టాలు వాళ్ళే. చివర్లో బతూల్, "సాయంత్రం నెలవంక కనబడితే రేపు మాకు పండగ. రేపు కొట్టు నువ్వు చూసుకో," అని తెర ఆపేసింది. మేమిద్దరం సముద్రం ఒడ్డుకి పోయి కాళ్ళు లాగేదాకా తిరిగాం.

నెలవంక కనబడింది. మర్నాడు నౌఫల్ డ్యూటీకి వెళ్ళాడు, కొట్టు ఫోన్లన్నీ నా సెల్లుకి మళ్ళాయి. ఈద్ పొద్దున ఫెజ్ ఆడవాళ్ళకి కఫ్తాన్ మీద వచ్చినన్ని సందేహాలు ఇంక దేనిమీదా రావు. ఒకామెకి బొత్తాం ఊడింది. ఇంకొకామె నెల్లాళ్ళూ తేనె మిఠాయిలు తిని, నడుం పట్టీ బిగుతుగా కుట్టామని మమ్మల్ని తిట్టింది. నొప్పించకుండా అందరికీ సర్ది చెప్పాను.

మళ్ళీ ఫోను మోగింది. కొట్టు పేరు చెప్పి, ఏం కావాలమ్మా అన్నాను.

"నేనేలే," అంది బతూల్. వెనక గ్లాసుల చప్పుడు, పిల్లల గోల. "మెక్నెస్‌లో మా అక్క ఇంట్లో ఉన్నా. కొట్టు పెట్టాక ఈద్ పొద్దున ఇక్కడికి రావడం ఇదే మొదటిసారి. ఏటా ఆ ఫోన్లకి కాపలా నేనే కదా."

ఇన్నాళ్ళూ ఆవిడే నన్ను మోస్తోందనుకున్నాను.

"ఉన్నావా?"

"ఉన్నాను లల్లా."

"వచ్చే ఏడు కూడా చంద్రుడు ముందు మీకే కనబడాలని అక్క నాచేత దువా చేయించింది. ఇక ఫోను పెట్టెయ్, ఎవరో చేస్తుంటారు."